డబ్బు కట్టేది ఆడటానికా, ఆడకుండా ఉండటానికా?

పోయిన నెల ఈ పేజీ చివర్లో "మీ ఫోన్లో ఉన్న ఫ్రీ గేమ్ నిజంగా ఫ్రీయేనా?" అని ఒక్క ముక్క అడిగి వదిలేశాను. వచ్చిన ఉత్తరాలూ మెయిల్సూ చూశాక తెలిసిందేమిటంటే, దాదాపు అందరి ఫోన్లోనూ ఏదో ఒక ఆట ఉంది, ఆడుతున్నామని ఒప్పుకోవడానికే మొహమాటం. ఒకటి ముందే చెప్పేస్తున్నా, నేను గేమింగ్ నిపుణుణ్ణి కాను. మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేలోపు రెండు లెవెల్స్ ఆడుకునే మనిషిని. సీటు దొరికిన రోజు మూడు. ఆ అర్హతతోనే ఈ జవాబులు.

ప్రశ్న: నా వయసు 54. ఆరేళ్లుగా క్యాండీ క్రష్ ఆడుతున్నాను, మూడు వేల లెవెల్ దాటాను, ఇంతవరకూ ఒక్క రూపాయి కట్టలేదు. మావారేమో "ఊరికే ఎవడూ ఏదీ ఇవ్వడు, నీకు తెలియకుండా ఎక్కడో లాగుతూనే ఉంటాడు" అంటారు. నాలాంటివాళ్లు కట్టకపోతే ఆ కంపెనీ ఎలా నడుస్తోంది? నేను ఎవరి సొమ్ము మీద ఆడుతున్నట్టు?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మూడు వేల లెవెల్‌కి ముందొక నమస్కారం అండీ. నేను 600 దగ్గరే చేతులెత్తేసినవాణ్ణి.

కంపెనీకేం లోటు లేదు, దాని గురించి బెంగపెట్టుకోకండి. కింగ్ అనే సంస్థ ఈ ఆటని 2012లో ముందు ఫేస్‌బుక్‌లోనూ, ఆ ఏడాది చివర్లో ఫోన్లలోనూ పెట్టింది. 2015 నవంబరులో యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే ఇంకో గేమ్ కంపెనీ ఆ కింగ్‌ని 590 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది, 2023 అక్టోబరులో ఆ యాక్టివిజన్‌నే మైక్రోసాఫ్ట్ కొనేసింది. అంటే మీరు ఆడే మిఠాయిల ఆటా, ఆఫీసుల్లో అందరూ తిట్టుకుంటూ వాడే ఎక్సెల్లూ ఇప్పుడు ఒకే ఇంటివి.

ఎవరి సొమ్ము అన్నదానికి ఒక కోర్టు తీర్పులో లెక్క దొరుకుతుంది. ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ గేమ్స్‌కీ ఆపిల్‌కీ అమెరికాలో కేసు నడిచింది కదా, 2021 సెప్టెంబరులో తీర్పిచ్చిన జడ్జి అందులో రాసిందేమిటంటే, ఆపిల్ యాప్ స్టోర్ ఆదాయంలో దాదాపు 70 శాతం ఆటల నుంచే వస్తోందట, ఆ 70 శాతం ఇచ్చేవాళ్లు మొత్తం వాడకందార్లలో 10 శాతం కూడా ఉండరట. బాగా ఎక్కువ కట్టేవాళ్లని ఈ వ్యాపారంలో తిమింగలాలు అంటారు. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది, వల పట్టుకుని తిరిగేవాడు తప్ప మనిషికి అలాంటి పేరు ఇంకెవరు పెడతారు? హోటల్లో పదిమంది కూర్చుని తిన్నారు, తొమ్మిది మంది చేతులు కడుక్కుని వెళ్లిపోయారు, పదోవాడు మొత్తం బిల్లు కట్టాడు అనుకోండి. ఆ పదోవాడు సరదాపడి కట్టాడా, లేక కుర్చీలోంచి లేవలేక కట్టాడా అన్నదే నన్ను తొలిచే విషయం. మీరైతే తొమ్మిది మందిలో ఉన్నారు. మధ్యలో చూసిన యాడ్ల మీద మీ నుంచీ కొంత ముట్టింది, కాబట్టి మరీ ఉచిత భోజనమేమీ కాదు.

ఇక లాగడం సంగతి. క్యాండీ క్రష్‌లో ఐదు లైఫ్‌లు, ఒక్కోటి తిరిగి రావడానికి అరగంట. ఐదూ అయిపోతే నిండటానికి రెండున్నర గంటలు. ఆ అరగంట ఆటలో భాగం కాదు, ఆటకి కట్టిన గేటు. గేటు కట్టినవాడే తాళంచెవి అమ్ముతాడు. మా అమ్మమ్మ బతికి ఉంటే దురదగొండి ఆకు రాసి పక్కన నిలబడి మందు అమ్మడం అనేది. మీరు ఆ అరగంటలో పప్పులో పోపు వేసుకుని వచ్చి మళ్లీ కూర్చుంటారు చూశారా, దానికి వాళ్ల దగ్గర విరుగుడు లేదు. అందుకే ఇంకో ఎర వేస్తారు: ఒక్క జెల్లీ మిగిలి ఉండగా మూవ్స్ అయిపోతాయి, వెంటనే "ఇంకో ఐదు మూవ్స్ కావాలా?" అని బంగారు కడ్డీలు (ఆటలో చెల్లే డబ్బు) అడుగుతుంది. పది జెల్లీలు మిగిలితే మనం నవ్వుకుని వదిలేస్తాం. ఒక్కటి మిగిలితేనే చెయ్యి దురద పెడుతుంది. స్లాట్ మెషీన్ల వాళ్లు దీన్ని ఎప్పుడో కనిపెట్టారు, ఘోరంగా ఓడిన మనిషి లేచి వెళ్లిపోతాడు, దాదాపు గెలిచినవాడు ఇంకోసారి కూర్చుంటాడు. ఆరేళ్లు ఆ ఐదు మూవ్స్ కొనకుండా దాటేశారంటే మీవారు మీ దగ్గర ఇంటి ఖర్చుల పద్దు నేర్చుకోవాలి.

ప్రశ్న: సార్, క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఏడేళ్లుగా ఆడుతున్నా. ఉద్యోగం వచ్చాక నెలకి మూడొందలు దానికి పక్కన పెడుతున్నా, అప్‌గ్రేడ్లు తొందరగా అయిపోతాయని. ఫ్రెండ్స్ "బుద్ధుందా నీకు" అంటారు. సినిమాకి మూడొందలు పెడితే ఎవరూ అడగరు కదా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ డబ్బు, మీ మూడొందలు, నేనూ అడగను. కానీ సినిమా పోలిక దగ్గర మాత్రం ఆగాల్సిందే. థియేటర్‌లో మీరు డబ్బు కట్టి రెండున్నర గంటల సినిమా చూస్తారు. ఇక్కడ మీరు కడుతున్నది "మధ్యలో గంట కోసేసి క్లైమాక్స్ వెయ్యండి" అని. నిర్మాణం వారం రోజులు పడుతుంది అంటుంది ఆట, ఆ వారం రాకుండా మీరు జెమ్స్, అంటే ఆటలో డబ్బులా చెల్లే రత్నాలు ఇస్తారు. ఆడటానికి కాకుండా ఆడకుండా ఉండటానికి డబ్బు కట్టే వినోదం ఇదొక్కటేనేమో, ఎంత ఆలోచించినా నాకు రెండోది తట్టలేదు.

నిజం చెప్పాలంటే ఈ ఆట మీద నాకు పెద్ద కోపం లేదు. ఫిన్లాండ్‌లో హెల్సింకి కంపెనీ సూపర్‌సెల్ 2012లో తెచ్చింది, ఇప్పటికీ జనం ఆడుతున్నారంటే ఆటలో సరుకుంది. పొదలూ రాళ్లూ పీకుతూ, అచీవ్‌మెంట్లు పూర్తి చేస్తూ వచ్చే జెమ్స్ దాచుకుంటే మూడో బిల్డర్‌కి 500, నాలుగో అతనికి 1,000, ఐదో అతనికి 2,000 చొప్పున పోసి, చేతి నుంచి పైసా తీయకుండా ఐదుగురు మేస్త్రీలని పనిలో పెట్టుకోవచ్చు. ఆ ఓపిక ఉన్నవాడికి ఆట అన్యాయం చేయదు. అయితే ఒక్కటి గమనించారా? సైన్యం తయారవడానికి ఏళ్ల తరబడి మనచేత ఎదురుచూయించారు, ఆ సమయాన్ని 2025 మార్చిలో ఒక అప్‌డేట్‌తో మొత్తం తీసేశారు. ఆటేమీ కూలిపోలేదు, పైగా జనం సంతోషపడ్డారు. మరి ఇన్నేళ్లూ ఆ ఎదురుచూపు దేనికి ఉన్నట్టు?

నా కథ కూడా చెప్తాను, సిగ్గుపడుతూనే. ఏదో పొలం ఆట, పేరెందుకులెండి. మొదటి రోజు వంకాయలు నిమిషంలో కాశాయి. నాలుగో రోజుకి మూడు గంటలు. రెండు వారాలకి మామిడి తోట 18 గంటలు అంది, అప్పుడే కింద మెరుస్తూ "కొత్త రైతులకి మాత్రమే, ఈ గంటలోనే, ₹89" అని ప్యాకేజీ. కట్టాను. మామిడి అప్పటికప్పుడు కాసింది. కోశాను, అమ్మాను, ఆ తర్వాత ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నా, ఇంక చేయడానికి ఏమీ లేదు. ₹89 పోసి కొనుక్కున్నది ఆ ఖాళీని. పైగా మర్నాడు పొద్దున్న కూడా "ఈ గంటలోనే" ఆఫర్ అలాగే మెరుస్తోంది.

మూడొందలకి మీరు ఒక హద్దు పెట్టుకున్నారు, అది మంచి అలవాటే. ఒక నెల మాత్రం కట్టకుండా ఆడి చూడండి. అప్పుడూ బాగుంటే సరే. విసుగొస్తే, మీకు నచ్చింది ఆటో, ఆ విసుగు పోగొట్టే మందో ఆలోచించుకోవాలి.

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. పాలవాడికీ కూరగాయలకీ నా ఫోన్ నుంచి వాడే డబ్బులు కొడతాడు, యూపీఐ పిన్ వాడికి తెలుసు. ఏదో షూటింగ్ గేమ్‌లో డైమండ్స్ కోసం రెండు వారాల్లో ₹11,400 ఖర్చు చేశాడు. నిన్ననే బ్యాంకు మెసేజ్‌లు చూశాను. వాళ్ల నాన్నకి ఇంకా చెప్పలేదు. డబ్బు వెనక్కి వస్తుందా? వాణ్ణి ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: అమ్మా, ముందు పిన్ మార్చండి, మిగతాది తర్వాత చదవండి.

మార్చారా? ఇప్పుడు ప్లే స్టోర్‌లో మీ పేరు మీద ఉన్న ఆర్డర్ల జాబితా తెరవండి, ఏ తేదీన ఎంత పోయిందో అన్నీ ఉంటాయి. కొన్న 48 గంటల్లోపువాటికి అక్కడే రీఫండ్ అడగొచ్చు. అంతకంటే పాతవాటికి ఆట తయారుచేసినవాళ్లకే రాయాలి, పిల్లవాడు తెలియక కొన్నాడని వివరంగా, స్క్రీన్‌షాట్లు పెట్టి. వస్తుందని హామీ ఇవ్వలేను కానీ రాయకపోతే రాదన్నది మాత్రం ఖాయం. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఆ తర్వాత ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ వేలిముద్రో పాస్‌వర్డో అడిగేలా పెట్టుకోండి, పిల్లవాడి వేలిముద్ర ఆ ఫోన్లో లేకుండా చూసుకోండి. చాలా ఇళ్లల్లో ఉంటుంది, అన్‌లాక్ చేయడానికి సరదాగా పెట్టి మర్చిపోతారు.

కొట్టొద్దు. వాడికి పదకొండు వేలు ఖర్చు చేశానన్న స్పృహ ఉండి ఉండదు. పాలవాడికి 60 కొట్టినప్పుడు పాల ప్యాకెట్ చేతికొచ్చింది, అది డబ్బు. ఆటలో ముందు రూపాయలు డైమండ్స్ అయ్యాయి, డైమండ్స్ ఏవో పెట్టెలయ్యాయి, పెట్టెలోంచి తుపాకీకి రంగొచ్చింది. రూపాయి ఇన్ని వేషాలు మార్చాక దాన్ని గుర్తుపట్టడం పెద్దవాళ్లకే కష్టం. అసలు మారు కరెన్సీ పెట్టేదే అందుకు. దానికి తోడు మీకు కావాల్సిన వస్తువు ధరకి సరిగ్గా సరిపోయే ప్యాక్ దొరకదు, ఎప్పుడూ కొంచెం తక్కువది, లేదా బాగా ఎక్కువది. మిగిలిన చిల్లర లోపలే ఉండిపోతుంది, అది మళ్లీ పిలుస్తుంది.

ఇది మీ పెంపకంలో లోపం అని కూడా అనుకోకండి. అమెరికాలో ఇలాంటి తల్లిదండ్రుల ఫిర్యాదులతోనే 2014 జనవరిలో ఆపిల్ కనీసం 3.25 కోట్ల డాలర్లు వెనక్కి ఇవ్వడానికి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పుకోవాల్సి వచ్చింది, అదే ఏడాది గూగుల్ 1.9 కోట్ల డాలర్లు. అప్పట్లో ఆపిల్ ఫోన్లో ఒకసారి పాస్‌వర్డ్ కొడితే ఆ తర్వాత 15 నిమిషాలు మళ్లీ అడిగేది కాదు. అమ్మ ఒకటి కొనిచ్చి ఫోన్ చేతికిచ్చి వెళ్లేది, ఆ పావుగంటలో పిల్లలు మిగతాది కానిచ్చేవాళ్లు. మన దగ్గర కూడా 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ డార్క్ ప్యాటర్న్స్ అని 13 రకాల మాయల్ని గుర్తించి నిషేధించింది, లేని తొందర పెట్టడం, వద్దన్నా పదే పదే అడగడం అందులో ఉన్నాయి. ఆ "ఈ గంటలోనే" ఆఫర్లు చూసినప్పుడల్లా నాకు ఆ జాబితా గుర్తొస్తుంది.

వాళ్ల నాన్నకి మాత్రం ఈరోజే చెప్పండి. బ్యాంకు మెసేజ్ చెప్పకముందే మీరు చెప్పడం నయం.

ప్రశ్న: హాస్టల్లో మా రూమంతా జెన్‌షిన్ ఇంపాక్ట్. నేను నెలకి వెయ్యి దాకా విష్‌ల మీద పెడతాను. అమ్మ దీన్ని జూదం అంటుంది. వచ్చిన క్యారెక్టర్‌ని నేను ఎవరికీ అమ్ముకోలేను, డబ్బు చేసుకోలేను, మరి జూదం ఎలా అవుతుంది?
– బెంగళూరులో చదువుతున్న అనంతపురం అమ్మాయి

జవాబు: అమ్ముకోలేకపోవడం నీకు ఏ రకంగా లాభమో నాకు అర్థం కాలేదమ్మా. పేకాటలో గెలిచినవాడు కనీసం ఇంటికి బిర్యానీ పట్టుకెళ్తాడు.

నీ చిన్నప్పుడు ఉన్నాయో లేదో, మా ఊరి కిరాణా కొట్లో ఒక అట్ట వేలాడేది. పైన పెద్ద బొమ్మ, గడియారం, క్రికెట్ బంతి కట్టి ఉండేవి, కింద వరసగా చీటీలు. అర్ధరూపాయి ఇచ్చి ఒకటి చింపితే ఎక్కువసార్లు పిప్పరమెంటే వచ్చేది. నీ విష్‌ల లాగా, ఏమొస్తుందో తెలియకుండా డబ్బు పెట్టి తీసే చీటీల పద్ధతిని గాచా అంటారు, అదీ ఇదే అట్ట, ఆ పేరు జపాన్‌లో నాణెం వేసి తిప్పితే బొమ్మ పడే మెషీన్ నుంచి వచ్చింది. కానీ ఒక పెద్ద తేడా ఉంది. మా అట్ట మీద వంద చీటీలుంటే, తొంభై చింపాక మిగిలిన పదిలోనే గడియారం ఉందని తెలిసేది (కొట్టు శెట్టిగారు దాన్ని ముందే పీకి దాచకపోతే, ఆయన మీద మాకు ఆ అనుమానం ఎప్పుడూ ఉండేది). గాచా అట్టలో చింపిన చీటీ స్థానంలో వెంటనే కొత్త చీటీ మొలుస్తుంది. నీ ఆటలో ఐదు నక్షత్రాల క్యారెక్టర్ వచ్చే అవకాశం 0.6 శాతం, అంటే వెయ్యి చీటీలకి ఆరు. మరీ ఘోరంగా ఉంటుందని 90వ విష్‌కి ఎలాగైనా ఒకటి ఇస్తారు. ఇచ్చినా అది నువ్వు కోరుకున్నదే కావాలని లేదు, సుమారు సగం సగం అవకాశం. దురదృష్టం పూర్తిగా నీ పక్కనే కూర్చుంటే 180 విష్‌లు. ఒక్కోదానికి 160 ప్రిమోజెమ్స్ (ఆ ఆటలో చెల్లే రత్నాలు), మొత్తం 28,800. ఆడుతూ సంపాదించుకునేవి పోను మిగతాది రూపాయల్లోకి మార్చి కాగితం మీద రాసుకో. ఆ పని మాత్రం నేను చేసి చూపించను, అమ్మకి పంపుతావేమో.

ఈ మాత్రం లెక్క వేయగలగడం కూడా ఊరికే రాలేదు. 2017లో చైనా ఈ అవకాశాల శాతాలు బయటపెట్టాలని నిబంధన తెచ్చింది, ఆ డిసెంబరులో ఆపిల్ కూడా తన స్టోర్‌లో తప్పనిసరి చేసింది. జపాన్ 2012లోనే, కొన్ని బొమ్మలు మొత్తం సెట్టు పోగైతేనే పెద్ద బహుమతి ఇచ్చే రకాన్ని ఆపించింది. బెల్జియం 2018లో లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టి తెరిచే పెట్టెల్ని, అంటే లూట్ బాక్సుల్ని, జూదం కిందే లెక్కేసింది. నీ ఆట నడిపే కంపెనీ కూడా 2025 జనవరిలో అమెరికాలో 2 కోట్ల డాలర్లు కట్టడానికీ, 16 ఏళ్ల లోపు పిల్లలకి తల్లిదండ్రుల అనుమతి లేకుండా లూట్ బాక్సులు అమ్మకుండా ఉండటానికీ ఒప్పుకుంది. మన దేశంలో 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం గురి వేరు, అది ప్రధానంగా డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల మీద. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించిన దారిలోదే. నీ విష్‌ల లాంటి వ్యవహారం అందులో సూటిగా లేదు. అందుకని అమ్మ తప్పు అని మాత్రం నేను చెప్పను.

ఆట అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. మా మేనకోడలు ఆడుతుంటే వెనక నిలబడి ఆ కొండలు చూస్తూ అరగంట గడిపాను. ఆ కొండలకి ఒక టికెట్ పెట్టి అమ్మి ఉంటే నేనూ కొనేవాణ్ణి.

ప్రశ్న: మా రోజుల్లో వీడియో గేమ్ షాపులో రూపాయి బిళ్ల వేస్తే నిజాయితీగా ఆడుకునేవాళ్లం. ఈ కాలం ఆటలన్నీ దోపిడీ. అవునా, కాదా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: అవును అనాలని నోటిదాకా వచ్చింది గానీ, ముస్తఫా గుర్తొచ్చి ఆగిపోయాను. మనమంతా ముస్తఫా అని పిలిచిన ఆ ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో చేసింది, ముస్తఫా అందులో నలుగురు హీరోల్లో ఒకడు. చచ్చిపోగానే తెర మీద అంకెలు తగ్గుతూ వచ్చేవి గుర్తుందా, సున్నా అయ్యేలోపు ఇంకో బిళ్ల వేస్తే అక్కడి నుంచే ఆట. ఆ అంకెలు చూస్తూ పక్కవాణ్ణి "రూపాయుందా, రూపాయుందా" అని అడిగిన టెన్షన్ నాకు ఇంటర్ పరీక్షల్లో కూడా లేదు. "ఇంకో ఐదు మూవ్స్" అని ఇప్పుడు అడిగేది దాని మనవడే. ఆర్కేడ్ మెషీన్ చేసేవాడికీ మనం తొందరగా చావడమే లాభం.

తేడా ఎక్కడంటే, అప్పుడు జేబులో మూడు రూపాయలుంటే మూడు రూపాయలతోనే ఓడిపోయేవాళ్లం. జేబుకి అడుగు ఉండేది. షాపాయన రెండు గంటలు చూసి "ఇంక ఇంటికి పోరా, మీ నాన్నకి చెప్తా" అనేవాడు. ఏ యాప్ అయినా అలా అందా?

ఇంట్లో టీవీకి పెట్టే క్యాసెట్ ఆటలైతే మీరన్నది నిజం. కాంట్రాలో మూడు లైఫ్‌లు చాలకపోతే బటన్లు ఒక వరసలో నొక్కితే 30 లైఫ్‌లు వచ్చేవి, ఊరికే. ఆ వరస ఒక అన్నయ్య ఇంకో తమ్ముడికి రహస్యంగా చెప్పేవాడు. ఇవాళ అదే 30 లైఫ్‌ల ప్యాక్ ₹199, పైన అడ్డంగా "బెస్ట్ వాల్యూ" అని రిబ్బను.

ప్రశ్న: ఫ్రీగా 10,000 డైమండ్స్ ఇస్తామని వాట్సాప్‌లో లింకులు వస్తున్నాయి. నిజమేనా?
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: కాదు. నొక్కొద్దు, గేమ్ ఐడీ, ఓటీపీ ఎవరికీ ఇవ్వొద్దు. ఇప్పటికే ఇచ్చి డబ్బు పోయి ఉంటే ఇంట్లో చెప్పి వెంటనే 1930కి ఫోన్ చెయ్యి.

ప్రశ్న: బీటెక్ ఆఖరి సంవత్సరం. ముగ్గురం కలిసి ఒక పజిల్ గేమ్ చేస్తున్నాం. ధర పెడితే మనవాళ్లు కొనరు, ఫ్రీగా ఇస్తే ఫ్రీమియం (ఆట ఉచితం, లోపల అమ్మకాలు) మాయలన్నీ పెట్టాలి. మీ దృష్టిలో మంచి దారి ఏది?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తమ్ముడూ, నేను ఆడేవాణ్ణి, అమ్మేవాణ్ణి కాను. అయినా అడిగావు కాబట్టి చెప్తా. మనవాళ్లే కాదు, ఎక్కడివాళ్లూ తెలియని ఆటకి ముందే డబ్బు కట్టరు. టెంపుల్ రన్ 2011లో వచ్చినప్పుడు 99 సెంట్లు, చేసింది భార్యాభర్తలు మొదలుపెట్టిన చిన్న స్టూడియో. కొన్ని వారాల్లోనే దాన్ని ఫ్రీ చేసి లోపల నాణేలు అమ్మడం మొదలుపెట్టాకే మన పిల్లల ఫోన్లదాకా వచ్చింది. కాబట్టి ఫ్రీగా ఇవ్వడం పాపమేమీ కాదు.

అమ్మేది ఏమిటి అన్నదే చూసుకోవాలి. రంగులు, వేషాలు, కొత్త పజిల్ మూటలు అమ్మితే నాలాంటివాడు సంతోషంగా కొంటాడు. నువ్వే అడ్డం పెట్టి అది తీయడానికి డబ్బు అడిగితే ఒకసారి కొంటాడు, రెండోసారి ఆట తీసేస్తాడు. అలాగని వేషాలు అమ్మితే చాలు, చేతులు శుభ్రం అనుకోకు. ఫోర్ట్‌నైట్ ప్రధానంగా అమ్మేది అవే, అయినా బటన్ల అమరిక గజిబిజిగా ఉండి ఒక్క నొక్కుకే అక్కర్లేని కొనుగోళ్లు జరిగిపోయాయని 2022లో ఎపిక్ 24.5 కోట్ల డాలర్లు ఆటగాళ్లకి వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. అంటే దుకాణంలో సరుకు మంచిదైతే సరిపోదు, గల్లా పెట్టె ఎక్కడ పెట్టావన్నదీ చూడాలి. ఏమీ తోచకపోతే యాడ్స్ పెట్టి, ఒకసారి ఇంత కడితే యాడ్స్ శాశ్వతంగా పోతాయి అను. నేను మొహమాటం లేకుండా డబ్బు కట్టేది ఆ ఒక్క బటన్‌కే. ఏడాదికి మొదటి 10 లక్షల డాలర్ల అమ్మకాల మీద గూగుల్ 2021 జూలై నుంచి 15 శాతమే తీసుకుంటోంది, ఆ హద్దు దాటే రోజొస్తే నాకూ ఒక మెయిల్ పెట్టు.

వియత్నాం కుర్రాడు డాంగ్ న్యుయెన్ కథ తెలిసే ఉంటుంది. ఫ్లాపీ బర్డ్ మీద యాడ్స్‌తో రోజుకి 50 వేల డాలర్ల దాకా వస్తోందని చెప్పినవాడు, జనం దానికి బానిసలైపోతున్నారని 2014 ఫిబ్రవరిలో తనే తీసేశాడు. నిన్ను అలా చేయమనడం లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఎదురుచూసే కుర్రాళ్లకి ఆ నీతి చెప్పే మొహం నాకు లేదు.

ప్రశ్న: ఇన్ని చెప్పారు, ఇంతకీ ఏం ఆడమంటారు? మీరేం ఆడుతున్నారు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఒకసారి డబ్బు కట్టి హాయిగా ఆడుకోవాలంటే మాన్యుమెంట్ వ్యాలీ, 2014 నాటిది, రెండు మూడు సాయంత్రాల్లో అయిపోతుంది. అయిపోవడం కూడా ఒక సుఖమే, ఫ్రీ ఆటలకి అది తెలియదు. పొలం ఆటే కావాలంటే స్టార్‌డ్యూ వ్యాలీ, ఎరిక్ బారోన్ అనే ఒక్కడు ఏళ్లపాటు కూర్చుని చేసింది, 2016లో కంప్యూటర్లకి, 2018లో ఫోన్లకి వచ్చింది. అందులో టమాటాలకి రోజులు పడతాయి గానీ, రాత్రి నిద్రపోతే తెల్లారిపోతుంది. తొందరపెట్టడానికి అందులో అమ్మే వస్తువే లేదు.

అసలు పైసా లేకుండా అంటే లీచెస్. చదరంగం. ఫ్రాన్స్‌లో 2010లో మొదలైంది, విరాళాల మీద నడుస్తుంది, యాడ్ కూడా ఉండదు. కోనేరు హంపి 2024లో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయిన ఊపులో నేనూ మొదలుపెట్టాను. రోజూ ఏ దేశంవాడో ఒకడు చిత్తుగా ఓడిస్తున్నాడు, ఓడాక "ఇంకో ఎత్తు కొనుక్కుంటావా" అని ఎవరూ అడగడం లేదు. మొదటి వారం అదొక వెలితిలా అనిపించింది, నవ్వకండి.

ఆ ₹89 పొలం ఆట ఇంకా ఫోన్లో ఉంది. నాలుగు నెలలైంది తెరిచి. తీసేద్దామనుకుంటూనే ఉన్నా, కట్టిన డబ్బు గుర్తొచ్చి వేలు ఆగిపోతోంది. ఈ జవాబులు రాస్తుంటే మధ్యాహ్నం రెండింటికి మళ్లీ ఒక నోటిఫికేషన్ వచ్చింది. నా కోళ్లు ఆకలితో ఉన్నాయట.